పొగాకు వాసన వేసే సోమవారాలు

మొన్న కందుకూరు నుంచి కావలి పోయే బస్సు గుడ్లూరులో ఆగినప్పుడు ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. ఒళ్ళో గుడ్డసంచి, తలకు చుట్టిన పాత తువ్వాలు. ఆమె చెమట తుడుచుకునే లోపే నాకు వాసన తగిలింది. ఎండిన పొగాకు వాసన. కొంచెం తీపి, కొంచెం ఘాటు, దాని అడుగున పాత గోనెపట్టా వాసన. ఎండిన ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగ్ షెడ్డులో పొద్దుటి నుంచి కూర్చున్న మనిషి చీరకూ జుట్టుకూ పట్టే వాసన అది. ఒక ఉతుకులో పోదు.

"గ్రేడింగుకు పొయ్యొస్తుండావా అక్కా?" అన్నాను.

"నీకెట్టా తెలిసిందమ్మా?" అని ఆమె నా ముఖంలోకి చూసింది.

నాకు తెలియకపోవడమేంటి! నేను ఆరో తరగతిలో చేరినప్పటి నుంచి పది పూర్తయ్యేదాకా చలికాలం దాటిన ప్రతి సోమవారం మా క్లాసురూము ఆ వాసనే వేసేది.

ఆ రోజు నేను పోతున్నది మా పెద్ద టీచర్ పెద్దకర్మకు. హెడ్‌మిస్ట్రెస్ అని బోర్డు మీద ఉండేది గానీ ఊళ్ళో ఎవరికీ ఆ మాట నోరు తిరిగేది కాదు. పిల్లలకూ, తల్లులకూ, గేటు దగ్గర రేగుపండ్లు అమ్మే అవ్వకూ ఆమె పెద్ద టీచరే. రిటైరయ్యాక కావలిలో ఉన్నారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చిన రాత్రి నేను ఆఫీసు కాగితాలు ముందేసుకుని ఊరికే కూర్చుండిపోయాను. నన్ను ఈ ట్రెజరీ ఉద్యోగం దాకా నడిపించిన మనిషి ఆమె. ఈ మాట నాలాంటి వాళ్ళు ఇంకా ఎంతమంది చెప్పగలరో ఆ గ్రూపు చూస్తే తెలిసింది. తెల్లవారేదాకా మెసేజీలు ఆగలేదు.

* * *

మాది కావలికి పడమటి వైపు మెట్ట ఊరు. కాలవల కింద వరి పండే నెల్లూరు వేరు, మా నెల్లూరు వేరు. మాకు పొగాకు, కంది, సజ్జ. చెరువు నిండిన ఏడు నాలుగు గింజల వడ్లు. ఊరి చుట్టూ మేడల్లాగా లేచిన పొగాకు బ్యారన్లు, పచ్చాకును వేడికి ఆరబెట్టే గదులు. రాత్రిపూట వాటి పొయ్యిల్లో కట్టెలు మండుతుంటే ఎర్రగా కనిపించేవి. మా ఊరికి రెండు మైళ్ళలో గర్ల్స్ హైస్కూలు. జిల్లా పరిషత్తుది. చుట్టుపక్కల ఎనిమిది, తొమ్మిది పల్లెల ఆడపిల్లలం గుంపులుగా నడిచి వెళ్ళేవాళ్ళం. ఒక్కతే రాకూడదని పెద్ద టీచర్ ఆర్డరు. ఒక పిల్ల ఆలస్యమైతే గుంపంతా ఆగాలి. గుంపంతా ఆలస్యమైతే మాత్రం ఆమె ఎవరినీ ఏమీ అనేవారు కాదు.

బడి అంటే ఒక పెంకుల వరండా, నాలుగు గదులు, వెనకాల రేకుల షెడ్డు, రెండు వేపచెట్లు, ఒక నిద్రగన్నేరు. వేపకొమ్మకు వేలాడేసిన రైలుపట్టా ముక్కే మా గంట. బిట్రగుంట లోకోషెడ్డులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇచ్చాడని చెప్పేవాళ్ళు. అటెండరు మామ ఇనప కడ్డీతో దాన్ని కొట్టే పద్ధతిలోనే మాకు టైము తెలిసేది. ప్రేయర్‌కు ఆగి ఆగి మూడు. పీరియడ్‌కు ఒకటి. మధ్యాహ్నం అన్నానికి గబగబా పది పదిహేను, ఆ చప్పుడుకు చెట్టు మీద కాకులు కూడా లేచేవి. సాయంత్రం లాంగ్‌బెల్‌కు మాత్రం ఆయన ఒక దెబ్బ కొట్టి, ఆ మోత సన్నగా సాగి ఆగిపోయేదాకా వినేవాడు. ఆ తర్వాతే రెండోది. ఎందుకలా చేసేవాడో ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

నీలం లంగా, తెల్ల జాకెట్టు. తొమ్మిదికి వచ్చాక తెల్ల ఓణీ. రెండు జడలు మడిచి నీలం రిబ్బను. చాలామందికి ఒకటే జత కాబట్టి బుధవారం రాత్రి ఉతికి, ఆరకపోతే గురువారం తడిగానే కట్టుకుని వచ్చేవాళ్ళం. ప్రేయర్‌లో వంతుల వారీగా ఒక పిల్ల ముందుకొచ్చి చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెప్పించాలి. నా వంతు వచ్చిన రోజు మోకాళ్ళు వణికాయి. మధ్యలో ఒక వాక్యం మరిచిపోయాను. ఎదురుగా మూడొందల మంది చేతులు చాచి నిలబడి ఉన్నారు. పెద్ద టీచర్ పెదవులు కదిలించి అందించారు, అంతే, మిగతాది నోటికి వచ్చేసింది. ఆ ప్రతిజ్ఞ రాసింది మన తెలుగాయనే. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా రాశారు. నేను ట్రెజరీలో చేరిన తర్వాత ఈ సంగతి తెలిసి, ముందు ఫోను చేసి చెప్పింది పెద్ద టీచర్‌కే. "నాకు తెలుసులే. నీకు తెలిసేదాకా చెప్పకూడదని ఊరుకున్నా" అన్నారు.

* * *

సోమవారాల సంగతి.

సంక్రాంతి దాటితే పచ్చాకు కోత మొదలు. పెద్దవాళ్ళు ఆకు విరిచి తెస్తే, నీడన కూర్చుని కర్రలకు అల్లడం ఆడపిల్లల పని. చిన్న వేళ్ళు, చురుగ్గా కదులుతాయి. కర్రకు ఇంత అని లెక్క. ఆదివారమంతా అల్లితే సోమవారం చేతులు నల్లగా బంకపట్టి ఉండేవి. చింతపండు పెట్టి రుద్దినా వదిలేది కాదు. ఆ చేత్తో కలిపిన అన్నం మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా చేదే. నోట్సు పేజీల మీద మా వేళ్ళ గుర్తులు గోధుమరంగులో ఉండేవి. లెక్కల అయ్యోరు పుస్తకాలు దిద్దుతూ, పేరు చూడకుండానే ఎవరు ఆదివారం పనికి పోయారో చెప్పేవాడు.

వచ్చిన వాళ్ళ గురించి పెద్ద టీచర్‌కు బాధ లేదు. రాని వాళ్ళ గురించే. సోమవారం మొదటి పీరియడ్ అయ్యేసరికి ఆమె అన్ని క్లాసుల హాజరు పట్టీలూ తన టేబుల్ మీద పెట్టించుకునేవారు. మూడు రోజులు వరసగా సున్నా పడిన పిల్ల పేరు ఒక చిన్న కాగితం మీద రాసుకునేవారు. సాయంత్రం గొడుగు పట్టుకుని, ఆ పిల్ల ఊరి గుంపుతో కలిసి నడిచేవారు. ఆమె ఏ ఊరి గుంపుతో నడుస్తున్నారో చూసి, ఆ ఊళ్ళో ఎవరి ఇంటికో మేం ఊహించేవాళ్ళం.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు ఆమె మా ఊరి గుంపుతో నడిచారంట. నేను ఆ గుంపులో లేను. పదిరోజులుగా బ్యారన్ దగ్గరే ఉన్నాను. మా నాయన సారా తాగక ముందు ఒక మనిషి, తాగాక ఒక మనిషి. ఆ ఏడు తాగాక ఉండే మనిషే ఎక్కువ రోజులు కనిపించాడు. ఇంట్లో గింజలు లేవు. అమ్మ నన్ను బడి మానిపించలేదు, "ఈ కోత అయ్యేదాకా" అంది. మా ఊళ్ళో ఆ మాట మీద మానేసిన పిల్లలెవరూ మళ్ళీ బడి మొహం చూడలేదు.

పెద్ద టీచర్ వచ్చి అమ్మ పక్కనే నేల మీద కూర్చున్నారు. జరీ అంచు నేత చీర మట్టిలో పడింది. ఒక కర్ర అందుకుని, "ఎట్టా అల్లాలో చూపించమ్మా" అన్నారు. అమ్మ బెదిరిపోయింది. ఆమె ఒక కర్ర సగం దాకా అల్లారు, వంకరగా. చదువు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. లేచేటప్పుడు, "పొద్దున బడికి పంపు. సాయంత్రం లాంగ్‌బెల్ కాగానే నేనే పంపిస్తా, చీకటి పడేదాకా అల్లుతుంది. ఎన్ని కర్రలు తగ్గితే అన్ని కర్రల డబ్బులు నాకు చెప్పు" అన్నారు. అమ్మ ఆమెను ఎప్పుడూ డబ్బులు అడగలేదు. కానీ ఆ మర్నాడు నేను బడిలో ఉన్నాను.

* * *

బడి ఊరిదని నాకు అర్థమైంది 1989 నవంబరు తుపానుకు. కావలి దగ్గర తీరం దాటింది కాబట్టి దానికి కావలి తుపాను అనే పేరు నిలిచిపోయింది. నేను ఏడో తరగతి. ఆ రాత్రి గాలి మోత ఈ వయసులో కూడా గుర్తొస్తే నిద్ర పట్టదు. బ్యారన్ల పైకప్పులు కాగితాల్లా లేచిపోయాయి. గుడిసెలు ఉన్న జాగాలు కూడా గుర్తుపట్టలేకపోయాం. మా నాలుగు గదుల బడి నిలిచింది. చుట్టుపక్కల ఇళ్ళు పోయిన వాళ్ళంతా అందులోనే తలదాచుకున్నారు. మేం రోజూ కూర్చునే బల్లల మీద పసిపిల్లల్ని పడుకోబెట్టారు. నల్లబల్ల కింద పొయ్యి పెట్టారు. టెన్త్ క్లాసు అక్కలు వరసగా నిలబడి బోరింగు నుంచి నీళ్ళ బిందెలు చేతులు మార్చి అందించారు. హాస్టలు పిల్లలు తమ రేకు పెట్టెల్లోని దుప్పట్లు తెచ్చి పరిచారు.

రేకుల షెడ్డు మాత్రం మిగల్లేదు. ఆ తర్వాత చాలా నెలలు మా క్లాసు నిద్రగన్నేరు కింద. ఏడుకు అప్పట్లో కామన్ పరీక్ష ఉండేది. పేలికల్లాంటి పుస్తకాలు పెట్టుకుని, ఒక పుస్తకం చుట్టూ అయిదుగురం కూర్చుని చదివాం. తలకిందులుగా అక్షరాలు చదవడం నాకు అప్పుడే వచ్చింది. ఇప్పటికీ ఆఫీసులో టేబుల్‌కు అవతలి వైపు వాళ్ళ కాగితం నేను తిప్పకుండా చదువుతాను.

మధ్యాహ్న భోజనం లాంటివి అప్పుడు లేవు. మన రాష్ట్రంలో అది 2003లో మొదలైంది, హైస్కూళ్ళకు ఇంకా తర్వాత. మాది సద్దిబువ్వే. గంట మోగగానే చెట్టు కింద గుండ్రంగా కూర్చుని గిన్నెల మూతలు తీసేవాళ్ళం. సజ్జ సంగటి, పచ్చిపులుసు, గోంగూర, ఎవరో ఒకరి దగ్గర చింతచిగురు పప్పు. గిన్నె తెచ్చుకోని పిల్ల చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంటే చాలు, అందరి గిన్నెల్లోంచీ తలా ఒక ముద్ద పడేది. ఎందుకు తెచ్చుకోలేదని అడగకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. మా కంటే ముందున్న అక్కల నుంచి వచ్చింది, మేం తర్వాతి వాళ్ళకు ఇచ్చాం.

ఒక సంగతి మాత్రం రాయకుండా ఉండలేను. అంతమంది ఆడపిల్లల బడికి మరుగుదొడ్డి లేదు. వెనకాల తుమ్మచెట్ల చాటే గతి. అందుకని పొద్దున ఇంటి దగ్గర తాగిన నీళ్ళే, మళ్ళీ సాయంత్రం ఇంటికి పోయాకే. ఎండాకాలం కూడా అంతే. నెలసరి వచ్చిన రోజుల్లో చాలామంది అసలు వచ్చేవాళ్ళే కాదు. హాజరు పట్టీలో ఆ సున్నాల గురించి పెద్ద టీచర్ ఎవరి ఇంటికీ వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పగలరు?

* * *

మా డ్రిల్లు టీచర్ చిన్న మనిషి, పెద్ద విజిల్. ఆమె వచ్చిన ఏడే ఖోఖో టీము కట్టింది. ఆడపిల్లలు రోడ్డు మీద కనబడేలా పరుగులు తీయడమేంటని ఒకరిద్దరు పెద్దమనుషులు వచ్చారు. గ్రౌండు రోడ్డు పక్కనే మరి. పెద్ద టీచర్ వాళ్ళను కూర్చోబెట్టి టీ ఇప్పించి, "అది సర్కారు సిలబస్ సార్, నాదేముంది" అని పంపించేశారు.

ఆట మొదలుపెట్టే ముందు మా మొదటి పని కోర్టులో పల్లేరుకాయలు ఏరడం. అందరం వరసగా వంగి, ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా ఏరుకుంటూ పోయేవాళ్ళం. అయినా ఒకటో రెండో కాలికి దిగేవి. లంగాలు మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని ఆడేవాళ్ళం. మాలో ఒక పొడుగుపిల్ల ఉండేది. బ్యారన్ కాపలా మనిషి కూతురు. పేరు రాయను, అడగకుండా రాయడం బాగుండదు. ఆమె పరిగెడితే చూడాలి. తరిమేవాళ్ళ చెయ్యి వీపుకు తగిలిందనుకునే లోపు స్తంభం అవతల ఉండేది.

జోనల్స్‌లో గెలిచాం. అవతలి టీముకు కాన్వాస్ బూట్లు, తెల్ల యూనిఫారం. మాకు ఉత్త కాళ్ళు. ఆ గెలుపుతో జిల్లా పోటీలకు నెల్లూరు పోయాం. టీములో సగం మందికి అదే మొదటిసారి నెల్లూరు చూడటం. పెన్నా వంతెన మీద బస్సు పోతుంటే అందరం ఒకవైపు కిటికీలకే చేరి, కండక్టరుతో తిట్లు తిన్నాం. రాత్రి ఒక బడిలో బల్లలు జరిపి పడుకున్నాం. పొద్దున హోటల్లో ఇడ్లీ తినిపించింది డ్రిల్లు టీచర్, తన డబ్బులతో. ఫైనల్లో ఓడిపోయాం. పొడుగుపిల్ల విజిల్ పడేదాకా దొరకలేదు గానీ, మిగతా మేం దొరికిపోయాం. నేనే ముందు.

ఓడినా రన్నర్స్ షీల్డు ఇచ్చారు. చెక్క మీద ఇత్తడి రేకు, అరచెయ్యంత. వచ్చేటప్పుడు బస్సులో దాన్ని ఒళ్ళో ఒళ్ళో మార్చుకుంటూ తెచ్చాం. బస్సు దిగేసరికి చీకటి. ఆరోజు మా తల్లులు బ్యారన్ల దగ్గర నుంచి అలాగే, చేతులు కడుక్కోకుండా, బస్టాండుకు వచ్చి నిలబడి ఉన్నారు. ఆ షీల్డును అందరూ పట్టుకుని చూశారు. మర్నాడు ప్రేయర్‌లో ఎత్తి చూపిస్తుంటే ఇత్తడి రేకంతా నల్లటి బంక వేలిముద్రలు. అటెండరు మామ తుడవబోతే పెద్ద టీచర్ వద్దన్నారు.

* * *

వేలిముద్రల సంగతి ఇంకొకటి ఉంది.

మా ప్రోగ్రెస్ కార్డుల్లో యూనిట్ పరీక్షకొక గడి, పక్కన "తండ్రి లేక సంరక్షకుని సంతకం" అని ఇంకో గడి. మా క్లాసులో ఆ గడులన్నీ దాదాపు వేలిముద్రలే. మార్కులు తక్కువొచ్చిన పిల్లలు ఇంకు ప్యాడు మీద తమ వేలే అద్ది తెచ్చేవాళ్ళు. తెలుగు టీచర్ కార్డు వెలుతురుకు పెట్టి, "ఇది మీ అమ్మ వేలా, నీ వేలా? అమ్మ వేలికి ఇన్ని గీతలు ఎక్కడివే, పని చేసి చేసి అరిగిపోయి ఉంటాయి గదా" అనేది. ఆమె చెప్పింది నిజం. ఇప్పుడు మా ఆఫీసుకు లైఫ్ సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చే పెద్దవాళ్ళ వేళ్ళు మిషను మీద పడకపోతే, నాకు ఆమె మాటే గుర్తొస్తుంది.

1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. పదిమంది పెద్దవాళ్ళకు ఒక వాలంటీరు. పెద్ద టీచర్ తొమ్మిదో తరగతి పిల్లల్ని నిలబెట్టి, "మీ ఊళ్ళో రాత్రిబడి మీదే" అన్నారు. సాయంత్రం ఏడింటికి రామాలయం అరుగు మీద లాంతరు పెట్టుకుని కూర్చున్నాను. మొదటిరోజు ముగ్గురు వచ్చారు. రెండోరోజు ఇద్దరు. అమ్మ రాలేదు. "కూతురి దగ్గర చదువుకుంటే ఊరు నవ్వదా" అంది. ఎనిమిదో రోజు గిన్నెలు కడిగి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి వెనకాల కూర్చుంది.

ఆ వాచకాల్లో అ ఆ ఇ ఈలతో మొదలు కాదు, మాటలతోనే మొదలు. చూసిన మాటలోంచి అక్షరం విడదీసుకోవాలి. అమ్మకు బలపం నిలిచేది కాదు. వేళ్ళు బిరుసెక్కి ముడుచుకునే ఉండేవి. నేను చెయ్యి పట్టుకుని దిద్దిస్తే, తన అరచెయ్యి గరుకుకు నా చెయ్యి మండేది. ఇంట్లో పొయ్యి బొగ్గుతో గోడ మీద రాసుకునేది. బ్యారన్ దగ్గర మట్టిలో పుల్లతో రాసుకునేది. రెండు నెలలకు ఒక సాయంత్రం, మేస్త్రీ కూలి పుస్తకం తెరిచి ఉంటే అమ్మ వంగి చూసి, "అన్నా, నాకు ముప్పై ఆరు కర్రలు. ఇక్కడ ఇరవై తొమ్మిది ఉండాయే" అందంట. ఆ రోజు అంకెను సరిచేశారు. మర్నాటి నుంచి రామాలయం అరుగు చాలలేదు.

తర్వాత 1992. దూబగుంట మాకు దగ్గరే, కలిగిరి మండలం. అక్కడ రోశమ్మ గారూ, మిగతా ఆడవాళ్ళూ సారాయంగడి మూయించారన్న కబురు ఊరూరూ పాకింది. వాళ్ళ కథే తర్వాత రాత్రిబడి పుస్తకంలో పాఠంగా వచ్చింది. సారా వేలంపాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. మా ఊళ్ళో అరుగు మీద అక్షరాలు దిద్దిన వాళ్ళే చీపుర్లు పట్టుకుని అంగడి ముందు కూర్చున్నారు. మా అమ్మ రెండో వరసలో కూర్చుంది. నాయన ఆ రోజు ఇంటికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా అన్నం పెట్టుకుని తిని పడుకున్నాడు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. నాయన పూర్తిగా మానలేదు. తగ్గించాడు. తగ్గిన మేరకే మా ఇల్లు నిలబడింది.

పెద్ద టీచర్ ఆ కూర్చున్న వాళ్ళ దగ్గరికి రాలేదు. "నేను గవర్నమెంటు ఉద్యోగిని, రాకూడదు" అని నేరుగానే చెప్పారు. కానీ ఆ వారం పదో తరగతి తెలుగు పీరియడ్ తానే తీసుకుని లేఖారచన చెప్పారు. అర్జీ ఎవరికి రాయాలి, విషయం ఎక్కడ రాయాలి, "అయ్యా" తర్వాత ఏం రావాలి, తేదీ ఏ మూలన వేయాలి. "అభ్యాసం కోసం మీ ఊళ్ళో నిజంగా లేని వస్తువు ఒకటి తీసుకుని రాయండి" అన్నారు. ముప్పైమందిలో ఇరవైమందికి పైగా ఒకే విషయం రాశాం. బడిలో మరుగుదొడ్డి.

ఆమె ఆ కాగితాలన్నీ చదివారు. అద్దాలు తీసి పెట్టుకుని కాసేపు కిటికీ వైపు చూశారు. తర్వాత, "ఇది మీరు ఇచ్చేది కాదు, మీ అమ్మలు ఇవ్వాల్సింది" అన్నారు. అందులో బాగా వచ్చిన అర్జీని తెల్లకాగితం మీద ఎత్తి రాశాం. ఊరూరా రాత్రిబడుల్లో తిప్పాం. పది రోజుల్లో నాలుగు పేజీల సంతకాలు. కొన్ని అక్షరాలు గీతల్లోంచి బయటికి జారిపోయాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఒకామె తన పేరుకు బదులు కూతురి పేరు రాసింది, తనకు వచ్చింది ఆ పేరేనంట. వేలిముద్ర ఒక్కటి కూడా లేదు. మండలాఫీసులో ఆ కాగితం తీసుకున్నాయన పేజీలు తిప్పి తిప్పి చూసి, "అంతా ఆడవాళ్ళేనా?" అన్నాడు.

మేం పది రాసి వెళ్ళిపోయాక కట్టారు ఆ మరుగుదొడ్లు. మా బ్యాచ్‌లో వాటిని వాడిన వాళ్ళు లేరు. మా చెల్లెళ్ళు వాడారు.

* * *

పది ఫలితాలు పేపర్లో నంబర్లుగా పడేవి. ఫస్టుక్లాసు, సెకండు, థర్డు, వరసగా చీమల్లాంటి అంకెలు. బస్టాండులో పేపరు ఒకరి చేతిలో, చుట్టూ ఇరవై తలలు. నా నంబరు పైన ఫస్టుక్లాసులో ఉందని తెలియక కింద నుంచి వెతుక్కుంటూ వచ్చాను. పొడుగుపిల్ల నంబరు ఎక్కడా లేదు. లెక్కలు పోయాయి. లెక్కలు పోయిన వాళ్ళు మాలో చాలామందే.

ఆ వేసవి సెలవుల్లో పెద్ద టీచరూ, లెక్కల అయ్యోరూ పొద్దున ఆరింటికి బడి తెరిచి ఆ పిల్లలకు మళ్ళీ చెప్పారు. జీతం లేదు, ఎవరూ అడగలేదు. ఫీజు కట్టలేని వాళ్ళకు ఎవరు కట్టారో మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. పొడుగుపిల్ల రెండోసారి గట్టెక్కింది. ఇప్పుడు పోలీసు డిపార్టుమెంటులో ఉంది. పెద్దకర్మకు యూనిఫారంతోనే వచ్చింది, డ్యూటీ మధ్యలో. అంతమందిలో ఫోటో ముందు సెల్యూట్ చేసి, బయటికొచ్చి జీపు చాటున ఏడ్చింది.

బడుల గొప్ప చెప్పేటప్పుడు అందరూ స్కూల్ ఫస్టు పేర్లే చెబుతారు. నా పేరు కూడా ఒక ఏడాది ఆ బోర్డు మీద ఉంది, నాకు సంతోషమే. కానీ పెద్ద టీచర్ ఎప్పుడు ఫోను చేసినా ముందు అడిగేది రెండోసారి రాసి పాసైన వాళ్ళ సంగతి. 2014 మేలో మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె ఫోను చేశారు. అప్పటికి డెబ్బై దాటాయి, గొంతు వణుకుతోంది. "చూశావంటే? నిజామాబాదు జిల్లా గురుకులం పిల్ల. పద్నాలుగేళ్ళు కూడా నిండలేదంట. సర్కారు బడి పిల్లే!" అన్నారు. సొంత మనవరాలు ఎక్కినట్టే చెప్పారు.

* * *

పెద్దకర్మ అయ్యాక మేం ముగ్గురం బడికి పోయాం. సర్కారు బడుల నాడు-నేడు పథకంలో బాగుచేశారు. గోడలకు రంగులు, మంచి బల్లలు, ఫ్యాన్లు. మరుగుదొడ్లలో నీళ్ళు వస్తున్నాయి, నేను కొళాయి తిప్పి చూశాను. వరండాలో పిల్లల సైకిళ్ళు. బోర్డు మీద కింది వరసల్లో పేర్ల పక్కన ట్రిపుల్ ఐటీ అని రాసి ఉంది. 2008లో అవి వచ్చాక, పల్లె బడుల పిల్లలకు పదో తరగతి మార్కులతోనే సీటు దొరకడం మొదలైంది. మా రోజుల్లో అలాంటిది ఉండి ఉంటే ఎంతమంది ఎక్కడ ఉండేవాళ్ళో అని ముగ్గురం ఒకేసారి అనుకున్నాం.

రైలుపట్టా ముక్క లేదు. కరెంటు బెల్లు. పాతది ఎప్పుడో పాతసామానుకు పోయిందంట. షీల్డు మాత్రం బీరువాలో ఉంది. ఇప్పటి మేడం తీసి చేతికిచ్చారు. ఇత్తడి పూర్తిగా నల్లబడింది. అందులో వేలిముద్రలు ఏవో, కాలం పట్టించిన నలుపు ఏదో తెలియలేదు.

బయటికి వస్తుంటే ఒక తొమ్మిదో తరగతి పిల్ల ఎదురైంది. ఆ రోజు సోమవారం కాదు. అయినా దగ్గరికి రాగానే జుట్టులోంచి సన్నగా అదే వాసన. "ఆదివారం పోతావామ్మా పనికి?" అంటే తల వంచుకుంది. "నేనూ పోయేదాన్నే" అన్నాను. అప్పుడు తలెత్తి చూసింది.

ఇంటికి వచ్చి రేకు పెట్టె తీశాను. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఉంది, మూలలు ఎలుక కొట్టింది. మొదటి యూనిట్ పక్కన ఊదారంగు వేలిముద్ర, గీతలు లేనిది. రెండో యూనిట్ పక్కన కూడా అదే. క్వార్టర్లీ పక్కన ఒక అక్షరం రాసి, తప్పొచ్చి కొట్టేసి, మళ్ళీ వేలిముద్ర. హాఫియర్లీ పక్కన మూడక్షరాల పేరు, గడి దాటి నా మార్కుల మీదికి వచ్చేసింది. చివరి గడిలో పేరు సరిగ్గా ఇమిడింది. పైన అచ్చులో ఉన్న "తండ్రి లేక సంరక్షకుని సంతకం" అన్న మాటను అమ్మ అప్పటికి చదవగలుగుతోంది కాబోలు. తన పేరు కింద ఇంకా చిన్న అక్షరాలతో, ఎవరూ రాయమనకుండా, "అమ్మ" అని రాసింది.